విషముందా?

నిరుడు వేసవిలో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. పెరట్లో గోంగూర వేసింది. అమెరికాలో తెలుగువాళ్ల ఇల్లు పట్టుకోవడానికి అడ్రసుతో పనిలేదు, కంచె మీదుగా గోంగూర కనిపిస్తే చాలు. ఒకరోజు పొద్దున్నే నాలుగాకులు కోసుకొద్దామని వెళ్లిన మా ఆవిడ, గిన్నె అక్కడే పడేసి "ఏమండీ, పాము!" అంటూ లోపలికొచ్చింది. ఇంటిల్లిపాదీ వంటింటి అద్దాల తలుపు దగ్గర గుమిగూడాం.

మెట్ల పక్కన రాళ్ల మీద ఎండ కాగుతోంది. రెండడుగులుంటుందేమో, వేలెడు లావు. నల్లటి ఒంటి మీద మూడు పసుపు చారలు, నడివీపున ఒకటి, రెండు పక్కలా చెరొకటి, స్కేలు పెట్టి గీసినట్టు తోకదాకా పోతున్నాయి. ఎర్రటి నాలుక, కొసలు మాత్రం నలుపు. దాన్ని రెండుసార్లు బయటికి తీసి ఆడించి, మాలో తనకు పనికొచ్చేదేమీ లేదని తేల్చుకుని ఊరుకుంది.

"మామయ్య గారూ, విషముందా?" అన్నాడు అల్లుడు నా వెనక నుంచి.

ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పానన్న సంగతి మా ఇంట్లో గుర్తొచ్చేది ఇలాంటప్పుడే. "లేదు" అన్నాను. అంతే, సభ ముగిసింది. పాము గురించి మనం అడిగే ప్రశ్న అదొక్కటే. ఉందంటే కర్ర తెస్తాం, లేదంటే కాఫీకి వెళ్తాం. (మన ఊళ్లలోనైతే లేదన్నా ముందు కర్రే, ఆ తరవాతే కాఫీ.)

నేను చెప్పింది అబద్ధం కాదు గానీ నిజంలో పావలా వంతు. మిగతా ముప్పావలా ఇక్కడ చెబుతాను.

దీని పేరు గార్టర్ పాము. ఎలాస్టిక్ రాని రోజుల్లో దొరలు మేజోళ్లు జారిపోకుండా మోకాలి దగ్గర ఒక పట్టీ కట్టుకునేవాళ్లు. దాన్ని గార్టర్ అంటారు. చారలు ఆ పట్టీలా ఉన్నాయని పాముకా పేరొచ్చింది. పట్టీలు పోయాయి, పేరు మిగిలింది. పట్టీ సంగతి తెలియని తరాలు దాన్ని గార్డెన్ పాము చేసుకున్నాయి. తోటల్లోనే తిరుగుతుంది కాబట్టి తప్పు కూడా ఒప్పులాగే వినిపిస్తుంది. పక్కింటి పెద్దాయన కంచె అవతల నుంచి "గార్డెన్ స్నేకే, ఏం చెయ్యదు" అని భరోసా ఇచ్చాడు. శాస్త్రీయ నామం థామ్నోఫిస్ సిర్టాలిస్. 1758లో లిన్నేయస్ పెట్టిన ఆ 'సిర్టాలిస్'లో ఉన్నదీ మేజోళ్ల పట్టీయే.

అట్లాంటిక్ తీరం నుంచి పసిఫిక్ తీరం దాకా, కింద ఫ్లోరిడా నుంచి పైన కెనడా ఉత్తరాన మంచుదేశపు అంచుల దాకా ఈ పాము ఉంది. లేనిదల్లా నైరుతి మూల ఎడారుల్లోనే. ఉత్తర అమెరికా పాముల్లో ఇంత విస్తీర్ణం మరోదానికి లేదు. ఊరిని బట్టి రంగు మారుతుంది. కొన్నిచోట్ల చారల మధ్య ఎరుపు, కొన్నిచోట్ల నీలం, కొన్నిచోట్ల చారలే లేని నల్లటి పాములు. అయినా ఇవన్నీ వేరువేరు కాదు, ఒకటే జాతి.

మనకు దీని చుట్టరికం ఉంది. చెరువుగట్ల మీద, వరి మళ్లలో కనిపించే నీరుకట్టె కూడా ఈ వంశందే. రెండింటికీ పొలుసుల మీద సన్నటి గట్టు ఉంటుంది, వేలితో రాస్తే గరుకు. రెండూ కప్పలంటే పడిచస్తాయి. కోపంలో మాత్రం మన నీరుకట్టె రెండాకులు ఎక్కువే చదివింది, పట్టుకుంటే కసిగా కరుస్తుంది. ఇంకో తేడా అసలైనది. నీరుకట్టె గుడ్లు పెడుతుంది. గార్టర్ పాము మన రక్తపింజరలా పిల్లల్నే కంటుంది.

ఇది చిన్న తేడా కాదు, కెనడా దాకా పాకడానికి టికెట్టు అదే. గుడ్లు పెట్టే పాము వాటిని మట్టికి అప్పగించి పోవాలి. చల్లటి దేశంలో ఆ మట్టి గుడ్డును పొదగనివ్వదు. కడుపులో ఉంచుకుంటే తల్లి ఎండ ఎక్కడుంటే అక్కడికి వాటిని మోసుకెళ్లగలదు. మా పెరటి రాళ్ల మీద ఎండ కాగినది ఆడదే అయితే, అది సోమరితనం కాదు, పొదగడం. వేసవి చివర్లో పది నుంచి నలభై దాకా కంటుంది. జానెడు పొడవు కూడా ఉండని పిల్లలు, అగ్గిపుల్లల్లా సన్నగా. తల్లి వాటి మొహం కూడా చూడదు. పుట్టిన పిల్ల నాలుక ఆడించి, నేలమీద వానపాము వాసన పసిగట్టి, తన తిండి తాను వెతుక్కుంటుంది. పాఠం చెప్పేవాళ్లెవరూ లేరు. ట్యూషను ఖర్చు లేని ఈ పద్ధతి మీద తల్లిదండ్రులు ఆలోచించవచ్చు.

వానపాము దగ్గర ఒక తమాషా ఉంది. హిమయుగంలో మంచు కప్పేసిన ఉత్తర ప్రాంతాల్లో సొంత వానపాములు మిగలలేదు. ఇవాళ అక్కడి పెరళ్లలో తవ్వితే వచ్చేవి చాలామటుకు యూరప్ నుంచి వలసొచ్చినవాళ్ల మొక్కల కుదుళ్లతో, మట్టితో దిగినవి. అంటే అక్కడ స్థానికుడైన పాము తినేది దిగుమతి సరుకు. దానికి ఆ తేడా తెలిసినట్టు లేదు. మా అమ్మాయి గోంగూర మడి కూడా దానికి అభ్యంతరంగా కనిపించలేదు.

ఇక విషం. గార్టర్ పాముకు విషపు కోరలు లేవు. కానీ పై దవడలో వెనక పళ్లు కాస్త పెద్దవి, వాటి దగ్గర ఒక గ్రంథి, దాని లాలాజలంలో స్వల్పంగా విషగుణం ఉన్న ప్రొటీన్లు ఉంటాయి. కప్పలాంటి వేట నోట్లో పెనుగులాడుతుంటే నములుతూ ఎక్కించడానికి పనికొస్తుందేమో గానీ, మనిషికి కరిస్తే మహా అయితే కొంచెం వాపు, దురద. దోమ కుట్టినంత. "లేదు" అనడంలో నేను చేసిన మొదటి కత్తిరింపు ఇది. ఇంత చిన్నదానికి అల్లుణ్ణి కాఫీకి ఆలస్యం చేయడం న్యాయం కాదు.

రెండో కత్తిరింపు పెద్దది. దానికి ముందు మన భాషలో ఒక ఇబ్బంది చెప్పాలి. మనకు అన్నీ విషమే. నాగుపాముదీ విషమే, గన్నేరు పప్పుదీ విషమే. కానీ గన్నేరు ఎవర్నీ కరవదు, దాన్ని మనమే తినాలి. కరిచి ఎక్కించేది ఒకటి, తింటే ఎక్కేది ఇంకొకటి. పాము దగ్గరికొచ్చేసరికి మనం మొదటిదాని గురించే అడుగుతాం. పామును తినాలని ఎవరనుకుంటారు? కాకి అనుకుంటుంది. అసలు కథ అక్కడుంది.

అమెరికా పసిఫిక్ తీరంలో న్యూట్ అనే జీవి ఉంటుంది. చూడ్డానికి తడిసిన బల్లిలా ఉంటుంది గానీ బల్లి కాదు, కప్ప బంధువు. పైన గోధుమరంగు, కింద నారింజ. మెల్లగా, ఎవరి భయమూ లేనట్టు నడుస్తుంది. ఆ ధీమాకు కారణం చర్మంలో ఉంది. ఆరెగాన్‌లో ఒక పాత కథ చెప్పుకుంటారు: అడవిలో విడిది చేసిన ముగ్గురు వేటగాళ్లు చచ్చి పడి ఉన్నారట, ఒంటి మీద దెబ్బల్లేవు, కాఫీ పాత్రలో మాత్రం ఉడికిన న్యూట్ ఒకటి ఉంది. 1960లలో ఎడ్మండ్ బ్రాడీ అనే విద్యార్థి ఇది నిజమేనా అని వెతకడం మొదలుపెట్టాడు. ప్రొఫెసర్ అప్పగించిన పని అది. న్యూట్ చర్మం రుబ్బి ఎలుకలకు ఎక్కించి చూశాడు. ఒక్క న్యూట్‌లో 25,000 ఎలుకలకు సరిపడా ఉందని 1968లో లెక్క తేల్చాడు. ఆ విషం పేరు టెట్రోడోటాక్సిన్. జపాన్‌లో లైసెన్సు ఉన్న వంటవాళ్లే వండాల్సిన ఫుగు చేపలో ఉండేదీ అదే. 1979లో ఆరెగాన్‌లోనే 29 ఏళ్ల మనిషి ఒకడు పందెం కాసి న్యూట్‌ను మింగాడు. ఆ రోజు దాటలేదు. వేటగాళ్ల కథ ఎలా ఉన్నా, ఇది మాత్రం వైద్యపత్రికలకు ఎక్కిన సంగతి.

ఒక చిన్న జీవికి ఇంత విషం ఎందుకు? ఎలుకనో కొంగనో భయపెట్టడానికైతే ఇందులో కొంచెం చాలు. దోమను కొట్టడానికి ఫిరంగి పెట్టుకున్నట్టుంది. బ్రాడీకి జవాబు ఆరుబయట దొరికింది. గార్టర్ పాము ఒకటి న్యూట్‌ను మింగుతోంది. మింగి, బతికే ఉంది.

టెట్రోడోటాక్సిన్ పని చేసే తీరు సులువు. నరాల్లో, కండరాల్లో సోడియం లోపలికి వెళ్లే సన్నటి దారులుంటాయి. అవి తెరుచుకుంటేనే నరం కబురు చెబుతుంది, కండరం కదులుతుంది. ఈ విషం ఆ దారికి సరిగ్గా సరిపోయే బిరడా. పడిందంటే కాళ్లూ చేతులూ ఆడవు, చివరికి ఊపిరి ఆడదు. పసిఫిక్ తీరపు గార్టర్ పాముల్లో ఆ దారి కట్టడానికి నక్షా ఇచ్చే జన్యువులో కొన్ని అక్షరాలు మారిపోయాయి. దారి ఆకారం కొంచెం మారింది, బిరడా పట్టడం లేదు. పాములు తట్టుకునేకొద్దీ ఎక్కువ విషమున్న న్యూట్లే బతికి గుడ్లు పెట్టాయి. న్యూట్ల విషం పెరిగేకొద్దీ ఎక్కువ తట్టుకునే పాములే మిగిలాయి. రెండు దేశాల మధ్య ఆయుధాల పోటీ ఎలా పెరుగుతుందో మనకు తెలిసిందే. దీనికి మాత్రం సరిహద్దు చర్చలు లేవు.

దీన్ని కొలిచిన పద్ధతి నాకు చాలా ఇష్టం. బ్రాడీ, ఆయనతో పాటు చిన్నప్పటి నుంచీ పాముల వెంట తిరిగి తరవాత తానూ జీవశాస్త్రవేత్త అయిన ఆయన కొడుకు (పేరు అదే, ఎడ్మండ్ బ్రాడీ), పాముకు పరుగు పందెం పెట్టారు. మామూలుగా ఎంత వేగంగా పాకుతుందో చూస్తారు. కొలిచిన మోతాదు విషం ఎక్కించి మళ్లీ పాకిస్తారు. వేగం ఎంత పడిపోయిందన్నది లెక్క. కాలిఫోర్నియాలో కొన్నిచోట్ల పాములు మామూలు పామును పడగొట్టే మోతాదుకు వందల రెట్లు ఎక్కించినా పాకుతూనే ఉన్నాయి. న్యూట్లలో విషం తక్కువున్న వాంకూవర్ దీవిలో పాములకూ ఆ ఓపిక తక్కువే. ఎదుటివాడి దగ్గర కత్తి లేకపోతే డాలు మోయడం ఎందుకు?

ఆ డాలు ఉచితం కాదు. విషాన్ని బాగా తట్టుకునే పాములు, విషం ఎక్కించకముందు కూడా, సగటున నెమ్మదిగానే పాకుతాయి. మారిన దారి విషాన్నీ ఆపుతోంది, కండరం చురుకునూ కొంత తగ్గిస్తోంది. పైగా ఏ న్యూట్‌లో ఎంత విషముందో బయటికి తెలియదు. అందుకని పాము ముందు నోట్లో పెట్టుకుని చూస్తుంది. తన తాహతుకు మించిందనిపిస్తే కక్కేస్తుంది. అంతసేపు పాము నోట్లో ఉన్న న్యూట్ ఏమీ జరగనట్టు లేచి నడిచిపోతుంది. అన్నప్రాశన నాడే ఆవకాయ పెట్టకూడదన్న ఇంగితం పాముకూ ఉందన్నమాట.

మూడో కత్తిరింపుకు వచ్చాం. మింగిన న్యూట్ అరిగిపోతుంది గానీ దాని విషం వెంటనే పోదు. పాము కాలేయంలో వారాల తరబడి నిలవుంటుందని 2004లో బ్రాడీలు, వాళ్ల సహచరి ఒకామె చూపించారు. అలాంటి పామును తిన్న పక్షికీ నక్కకూ ప్రమాదం తప్పదు. అంటే ఈ "విషం లేని" పాము, న్యూట్ల సీమలో, తినేవాళ్లకు విషమే. తన సొంత తయారీ కాదు, అరువు సరుకు. కాటులో పనిచెయ్యదు, కూరలో పనిచేస్తుంది.

కాకి సంగతి మధ్యలో వదిలేశాను. దానికోసం అక్కడి నుంచి రెండువేల కిలోమీటర్లు తూర్పుకు, కెనడాలోని మానిటోబాకు పోవాలి. విన్నిపెగ్ నగరం దాటి వంద కిలోమీటర్ల పైన ఉత్తరానికి వెళితే నార్సిస్ అనే చిన్న ఊరు. అక్కడ చలికాలం సున్నాకు కింద నలభై డిగ్రీలదాకా పడిపోతుంది. పాముకు ఒంట్లో సొంత పొయ్యి లేదు, గడ్డకడితే చస్తుంది. ఆ నేల కింద సున్నపురాయి. నీళ్లు తొలిచి తొలిచి అక్కడక్కడా కుంగి గోతులయ్యాయి. గోతి అడుగు పగుళ్లలోంచి దిగితే మంచు గడ్డకట్టే లోతు దాటి పోవచ్చు. చుట్టుపక్కల పదిహేను కిలోమీటర్లకు పైగా దూరంలోని చిత్తడి నేలల నుంచి గార్టర్ పాములు శరదృతువులో పాక్కుంటూ వచ్చి ఈ నాలుగైదు గోతుల్లో దిగుతాయి. ఒకటీ రెండూ కాదు, పదుల వేలు. ప్రపంచంలో పాములు ఇంత పెద్ద సంఖ్యలో ఒకచోట చేరేది ఇక్కడే. ఏడాదిలో సగానికి పైగా నేల కిందే గడుపుతాయి, తిండీ తిప్పలూ లేకుండా.

ఏప్రిల్ చివర్లో ఎండ తగలగానే మొదట మగవి పైకొస్తాయి. వచ్చి వేటకు పోవు, గోతి అంచునే కాపు కాస్తాయి. ఆడవి తరవాత రోజుల తరబడి ఒక్కొక్కటిగా వస్తాయి. ఒక ఆడపాము బయట పడగానే పదుల మగవి చుట్టేస్తాయి, ఒక్కోసారి వంద దాకా. దూరం నుంచి చూస్తే ఎవరో నూలు ఉండను విసిరేసినట్టుంటుంది, ఉండ మాత్రం కదులుతుంటుంది. ఆడదాని చర్మం మీది కొవ్వుల్లో ఉండే వాసన పదార్థాలను నాలుకతో చదివి మగపాము గుర్తుపడుతుంది. ఇంకో వింత, అప్పటికి మగవాటి ఒంట్లో పురుష హార్మోను అడుగంటి ఉంటుంది. వీర్యం నిరుడు వేసవిలోనే తయారుచేసి దాచుకున్నది. ఈ హడావిడికి మీట హార్మోను కాదు, చలి పోయి వెచ్చదనం రావడమే.

ఆ ఉండల మధ్యలో ఉన్నది ఒక్కోసారి ఆడపామే కాదు. 1985లో రాబర్ట్ మేసన్, డేవిడ్ క్రూస్ అనే ఇద్దరు, కొన్ని మగపాములు ఆడవాసన వెదజల్లుతున్నాయని రాశారు. పోటీదారుల్ని తికమక పెట్టి తాము లాభపడటానికే అనుకున్నారు ముందు. తరవాత ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రిక్ షైన్, మేసన్‌తో కలిసి చూస్తే వేరే కారణం తేలింది. నేల కింద నుంచి అప్పుడే వచ్చిన మగపాము చల్లగా, నీరసంగా ఉంటుంది, పారిపోలేదు. ఆడవాసన వేస్తే పది మగవి మీద పడతాయి. వాటి ఒంటి వేడి దీనికి ఎక్కుతుంది, పైగా శత్రువు కంట పడకుండా వాటి కింద దాక్కున్నట్టవుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఒళ్లు కాగాక ఆ వాసన మానేసి, తానూ గుంపులో కలిసి ఆడపాముల వెంట పడుతుంది. చలిదేశపు కవులు దుప్పటి మీద పాటలు రాశారేమో తెలియదు గానీ, దుప్పటి కోసం వేషం కట్టినవాణ్ణి నేను ఇక్కడే చూశాను.

శత్రువన్నాను కదా, అది కాకి. నార్సిస్ గోతుల మీద కాకులు వాలి, పాముల పొట్ట పొడిచి కాలేయం ఒక్కటే పీక్కుని తింటాయి, మిగతాది వదిలేస్తాయి. పాములో అన్నిటికన్నా బలమైన తునక అదే. పసిఫిక్ తీరంలో విషం దాచుకునే అవయవం కూడా అదేనని పైన చెప్పాను. మానిటోబాలో ఆ న్యూట్లు లేవు. అందుకని కాకులకు విందు. ఒకటే పాము, ఒకటే అవయవం, ఒకచోట భోజనం, ఇంకోచోట విషం.

నార్సిస్‌లో పాముల్ని చంపడంలో మనుషులూ వెనకబడలేదు. 1990ల మొదటి దాకా వాటిని సంచుల్లో పట్టి ప్రయోగశాలలకు అమ్మేవాళ్లు. మా కాలేజీలో కప్పల్ని కోయించిన నేను దాని మీద నీతులు చెప్పడం బాగోదు. తరవాత గోతుల పక్కనుంచి పోయే 17వ నంబరు హైవే మీద ఏటా వేలకు వేలు టైర్ల కింద పడేవి. ఇప్పుడు రోడ్డు పొడుగునా పొట్టి కంచెలు కట్టి, రోడ్డు కింద గొట్టాలు వేశారు. కంచె వెంబడి పాకుతూ వచ్చిన పాము గొట్టంలోంచి అవతలికి పోతుంది. చావులు బాగా తగ్గాయి. ఇప్పుడు ప్రతి మే నెలలో జనం పిల్లల్ని వెంటేసుకుని చూడ్డానికి వెళ్తారు.

ఇంత విరివిగా ఉన్న జాతికీ బలహీనమైన మూల ఒకటుంది. శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో మాత్రమే ఉండే దాని ఉపజాతి, నీలి పచ్చ కలిసిన రంగు మీద ఎర్ర చారలతో అన్నిటికన్నా అందమైనది, 1967 నుంచి అంతరించే ప్రమాదమున్న జాబితాలో ఉంది. ఊళ్లు పెరిగి చెరువులు పూడిపోవడం ముఖ్య కారణం. దానికి మిగిలిన మంచి తావుల్లో ఒకటి విమానాశ్రయం వాళ్ల ఖాళీ స్థలం. మన ఇళ్లనుంచి వెళ్లే పిల్లలు దిగే విమానాశ్రయమే.

మళ్లీ మా పెరడు. మధ్యాహ్నం పాము అదే రాళ్ల మీదికొచ్చింది. ఆరేళ్ల మనవరాలు "తాతయ్యా, విషం లేదన్నావుగా" అంటూ నేను మెట్లు దిగేలోపే రెండు చేతులతో పట్టేసింది. అది కరవలేదు. ఒళ్లు చదును చేసుకుని, మెలికలు తిరిగి, తోక మొదట్లోని గ్రంథుల్లోంచి ఒక చిక్కటి ద్రవాన్ని పెంటతో కలిపి పిల్ల చేతులకూ టీషర్టుకూ శుభ్రంగా పూసి, మడిలోకి జారిపోయింది. ఆ కంపును వర్ణించను. టీషర్టు మూడుసార్లు ఉతికాక చెత్తడబ్బాలోకి వెళ్లింది. మీ పెరట్లో కనిపిస్తే అలాగే ఎండ కాగనివ్వండి. చేత్తో మాత్రం పట్టుకోకండి.